ఎలకల డాక్టరు ఇంటి మిరపనారు

నాకు డాక్టరేటు ఎలుకల మీద వచ్చిందని అందరూ అనుకుంటారు. నిజానికి అది నా తెలివితక్కువతనం మీద వచ్చింది. ఎలుకలు సాక్షులు మాత్రమే. ఆడ ఎలుక అండాశయం ఎందుకు ఉబ్బుతుందో, ఉబ్బితే లోపల ఏమవుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేవాణ్ని. నా పక్కన పడుకున్న మనిషి ముఖం గోడవైపు ఎందుకు తిప్పుకుందో మాత్రం పట్టపగలు అడిగినా చెప్పలేకపోయేవాణ్ని. పట్టా పుచ్చుకున్నవాడికి ఆమాత్రం పట్టదా అంటారేమో. పట్టలేదు. చాలా ఏళ్లు పట్టలేదు.

మాది చిలకలూరిపేటకు దగ్గర్లో, పత్తీ మిరపా పండే ఊరు. అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. నన్ను పెంచింది మా పెద్దమ్మ, అంటే నాన్న అన్నగారి భార్య. ఆవిడకు వరసగా నలుగురు ఆడపిల్లలు, ఆ తర్వాత నాకన్నా చిన్నవాడైన ఒక కొడుకు. ఇంతమందిలోనూ ముందు ముద్ద నాకే పెట్టేది. "తల్లిలేని పిలగాడు" అనేది, ఆ మాట నాకు వినపడకూడదని గొంతు తగ్గించి. ఆవిడ గొంతు తగ్గిస్తే పక్కింటిదాకా మాత్రమే వినపడేది. ఆ చేతి ముద్ద తిని పెరిగినవాణ్ని, అదే చేతి మీద పగ తీర్చుకుంటానని కలలో కూడా అనుకోలేదు.

పెదనాన్నా నాన్నా వ్యవసాయం కలిపే చేసేవారు. నేను ఫార్మసీ చదివి, పెద్దరోడ్డు పక్కనున్న ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ పేటలో అద్దెకుండేవాణ్ని. ఆదివారాలూ, పొలం పనుల రోజులూ ఊళ్లో.

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. మిరప నారు పోసే రోజున మొదటి మడిలో గింజలు ఇంటి కోడలు చల్లాలి. మిరప గింజలు సన్నవి కాబట్టి ఇసుకలో కలిపి చేటలో పోస్తారు. చేట అంచుకు పసుపు రాస్తారు. ఒకరు చేట పట్టుకుని వెనక నడుస్తుంటే కోడలు గుప్పెడు గుప్పెడు తీసి చల్లుతుంది. మొదటి మడి అవగానే కోడలు పక్కకొచ్చేస్తుంది, మిగతా మడులు కూలీ ఆడవాళ్లు పూర్తిచేస్తారు. కోడలు లేని ఏడు ఇంటికి పెద్దకొడుకు చల్లాలి. ఇది ఎవరు పెట్టారో తెలియదు. పాటించకపోతే నారు కుళ్లుతుందని మాత్రం అందరికీ తెలుసు. పాటించినా కుళ్లేది, అది వేరే సంగతి.

నా పెళ్లి తొంభైల చివర్లో అయింది. ఆ వానాకాలం కొత్తకోడలి చేత గింజలు చల్లించారు. నారు జంపఖానా పరిచినట్టు ఒత్తుగా వచ్చింది. "మా కోడలిది పచ్చని చెయ్యి" అని పెద్దమ్మ ఎండు మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లందరికీ చెప్పుకుంది. రెండో ఏడూ చల్లింది. మూడో ఏడూ చల్లింది. అప్పటికి పెద్దమ్మ కొడుక్కి పెళ్లయి, ఏడాది తిరక్కుండా ఒక పాప పుట్టింది.

నాలుగో ఏడు నారు పోసే రోజున నా భార్య అలవాటు కొద్దీ కొంగు దోపుకుని మడి దగ్గరికొచ్చింది. పెద్దమ్మ చేటను తనవైపు లాక్కుంది.

"నువ్వుండమ్మాయ్. ఈ ఏడు చిన్నకోడలు చల్లుద్దిలే."

"నేనొచ్చాగా పెద్దత్తయ్యా. చంటిపిల్ల తల్లి, ఎండలో దానికెందుకు?"

"చంటిపిల్ల తల్లి గాబట్టే. గింజ దగ్గిర కడుపు పండిన చెయ్యి ఉండాలంటారు. నా మాట కాదమ్మా ఇది, పెద్దోళ్ల మాట."

కూలీ ఆడవాళ్లు తలలు వంచుకుని మడి గట్లు సరిచేస్తున్నారు. ఎప్పుడో సరిచేసిన గట్లు. నాన్న బోరింగు వైపు వెళ్లిపోయాడు. నేనేం చేశానంటే, చేతిలో ఉన్న గింజల ప్యాకెట్టు మీద మొలక శాతం ఎంతని రాశారో చదువుతూ నిలబడ్డాను. ప్యాకెట్టు చిన్నది. అక్షరాలు ఇంకా చిన్నవి. చదవడానికి చాలా సేపు పట్టింది.

ఆ ఏటినుంచి నా భార్య నారు పోసే రోజున ఊరికి రావడం మానేసింది. కాయలు ఎండబోసే రోజుల్లో మాత్రం వచ్చేది, ఎవరూ పిలవకుండానే. కల్లంలో కాయలు తిరగేసే పని ఎవరికీ ఇష్టముండదు. ఘాటుకి కళ్లూ ముక్కూ కారుతుంటాయి. తను మాత్రం మధ్యాహ్నమంతా అక్కడే కూర్చునేది. ఎందుకో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. మిరపకాయల కల్లంలో ఎంత ఏడ్చినా ఎవరూ ఎందుకని అడగరు.

గుంటూరులో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. పెద్దమ్మ కూడా వచ్చింది. స్కానింగులో రెండు అండాశయాల అంచునా చిన్న చిన్న నీటిబుడగలు కనపడ్డాయి. "ముత్యాల దండలా ఉంటాయి చూడండి, దీన్నే పీసీఓఎస్ అంటాం" అని డాక్టరమ్మ తెర చూపించింది. అండం పెరగడం మొదలుపెడుతుంది, కానీ పూర్తిగా పండి విడుదల కాకుండా సగంలో ఆగిపోతుంది. అందుకే నెలలు తప్పడం, అందుకే గడ్డం కింద వెంట్రుకలు, అందుకే మెడ వెనక ఆ నలుపు.

బయటికొచ్చాక నా భార్య నవ్వడానికి ప్రయత్నించింది. "పెళ్లిలో మీవాళ్లు పెట్టని ముత్యాల దండ డాక్టరమ్మ పెట్టిందండీ."

నేను నవ్వలేకపోయాను. ఆ నలుపు సంగతే నా తలలో తిరుగుతోంది. రెండేళ్లుగా పెద్దమ్మ ఆ మెడను మురికి అనుకుని, "ఒళ్లు రుద్దుకోవడం కూడా నేర్పలేదా మీ అమ్మ" అంటూ పండక్కీ పబ్బానికీ సున్నిపిండితో రుద్దేది. చర్మం ఎర్రగా కందేదాకా రుద్దేది. నా భార్య మెడ వంచుకుని కూర్చునేది. అది మురికి కాదని అప్పటికి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఫార్మసీ పాఠాలు చెప్పేవాడికీ తెలియదు.

ఆరోజు డాక్టరమ్మ ఇంకో మాట కూడా అంది. "మీవారికి కూడా ఒక పరీక్ష చేయించండి. ఇద్దరినీ చూడాలి."

పెద్దమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. "అబ్బాయికెందుకమ్మా? జబ్బు యాడుందో కనపడిందిగా? మా వంశంలో మగపిలగాళ్లకి అట్టాంటి లోపాల్లేవు."

డాక్టరమ్మ నావైపు చూసింది. "వచ్చేసారి వచ్చినప్పుడు చేయించుకుంటానండీ" అన్నాను.

ఆ వచ్చేసారి రావడానికి ఐదేళ్లు పట్టింది. గుంటూరు మా పేటకు గంట దూరం కూడా కాదు.

ఆ ఐదేళ్లూ తను మాత్రలు మింగింది. అన్నం తగ్గించింది. తెల్లవారకముందే లేచి కాలేజీ రోడ్డు మీద, పత్తి లారీలు దుమ్ము లేపుతుంటే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నడిచేది. నేను పడుకునేవాణ్ని. పీహెచ్‌డీకి అంశం ఎంచుకోవలసి వచ్చినప్పుడు పీసీఓఎస్ ఎంచుకున్నాను. పైకి శాస్త్రం కోసం. లోపల ఆమె కోసం అనుకున్నాను. ఇంకాస్త లోపలికి వెళ్లి చూస్తే, ఆమె జబ్బునే భూతద్దంలో చూస్తూ కూర్చుంటే ఇంకెటూ చూడక్కర్లేదని కావచ్చు.

మనుషుల జబ్బును మనుషుల్లో కోసి చూడలేం కాబట్టి అలాంటి జబ్బునే జంతువుకు తెప్పించి చూస్తారు. దాన్ని యానిమల్ మోడల్ అంటారు. ఈ మాట విని పెద్దమ్మ, "మోడలంటే? ఎలకలకి చీరలు కట్టి ఫొటోలు తీత్తారా ఏందిరా?" అంది. ఆడవాళ్లకు పిల్లలు కలగడానికి మందు వెతుకుతున్నానని, దాన్ని ముందు ఎలుకల మీద చూస్తున్నానని చెప్పాను. ఆ మాట ఊళ్లోకి ఇంకో రకంగా వెళ్లింది. టీకొట్టు దగ్గర మా ఊరి పెద్దరైతు ఒకాయన నన్ను ఆపాడు.

"ఏరా ఎలకల డాక్టరూ, ఎలకలకి పిల్లలు పుట్టే మందు కనిపెడుతున్నావంటగా?"

"అది కాదు బాబాయ్..."

"ఒరేయ్, నా గోతాలన్నీ కొరికి పారేశాయిరా! ఉన్నవాటితోనే చస్తన్నాం, ఇంకా కనటానికి మందా? గవర్నమెంటోళ్లు ఊరుకున్నారా దీనికి?"

అప్పట్నుంచి నా పేరు ఎలకల డాక్టరుగా స్థిరపడింది. సంతానం లేని ఎలుక అంటే ఆ ఊళ్లో శుభవార్త. సంతానం లేని మనిషికే చిక్కు.

మా పని ఇలా ఉండేది. ఆరోగ్యంగా ఉన్న ఆడ తెల్లఎలుకలకు, రొమ్ము క్యాన్సరుకు వాడే ఒక మందును రోజూ నోటి ద్వారా పట్టిస్తాం. ఒంట్లో హార్మోన్లు తారుమారై మూడు వారాల్లో అండాశయాల్లో నీటిబుడగలు కడతాయి. కొన్నింటికి ఆ తర్వాత, ఆయుర్వేదంలో ఆడవాళ్ల జబ్బులకు వాడే లొద్దుగ చెక్క కషాయం పట్టించి, బుడగలు తగ్గుతున్నాయా లేదా చూడాలి. ఎలుకకు నాలుగైదు రోజులకొక ఋతుచక్రం. అది ఎక్కడుందో తెలియాలంటే రోజూ పొద్దున దాని యోనిని ఒక చుక్క ఉప్పునీటితో కడిగి, ఆ చుక్కను గాజుపలక మీద వేసి మైక్రోస్కోపులో చూడాలి. అండం విడుదలయ్యే రోజున కణాలు ఎండుమిరప తొక్కుల్లా మడతలు పడి కనిపిస్తాయి. విశ్రాంతి రోజున ఆవాలు చల్లినట్టు ఉంటాయి. మందు పట్టించిన ఎలుకల్లో ఇక ఏ రోజు చూసినా ఆవాలే. చక్రం అక్కడే ఆగిపోతుంది. ఆవాలు కనిపించిన రోజున నేను సంతోషపడేవాణ్ని. జబ్బు వచ్చింది కదా, ప్రయోగం సరిగ్గా నడుస్తోంది కదా అని.

ఎలుకలకు ఆదివారం తెలియదు. సెలవు రోజుల్లో కూడా వెళ్లాలి. ఒక ఆదివారం నా భార్య, "నేనూ వస్తానండీ, ఇంట్లో తోచటంలేదు" అంది. అలా రావడం మొదలుపెట్టింది. నీళ్ల సీసాలు కడిగేది. పంజరాల్లో వరిపొట్టు మార్చేది. ఎలుకల్ని గుర్తుపట్టడానికి మేము ఒక్కోదానికి ఒక్కోచోట పసుపు రంగు మందు పూస్తాం, తల మీద ఒకదానికి, నడుం మీద ఒకదానికి, తోక మీద ఒకదానికి.

మొదటిసారి చూసి, "అందరికీ పసుపు పెట్టి పేరంటానికి కూర్చోబెట్టినట్టుందే" అంది. నీళ్లసీసా ఒకటి చేతిలోకి తీసుకుని అడిగింది. "వీటికేం జబ్బండీ?"

"ఇప్పుడేం లేదు. మేమే తెప్పిస్తాం."

"నా జబ్బేగా?"

"ఆఁ. అదే."

"బాగున్నవాటికి తెప్పించి మళ్లీ మీరే నయం చేస్తారన్నమాట." చేతిలో సీసాను వెలుతురుకు పెట్టి చూస్తూ అంది. "అయితే నాకు తెప్పించిందెవరో కనుక్కోండి. వాళ్లనడిగితే నయం చేస్తారేమో."

తల మీద పసుపున్న ఎలుకంటే తనకిష్టం. అది సీసా మార్చేటప్పుడు చువ్వల దగ్గరికొచ్చి వేలు వాసన చూసేది. కషాయం పట్టించాక దాని చక్రం మళ్లీ మొదలైంది. మైక్రోస్కోపులో మిరప తొక్కులు కనపడిన పొద్దున నా భార్యను పిలిచి చూపించాను. ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది. "దీనికి పండిందన్నమాట" అంది. ఆ గొంతులో అసూయ వెతికాను. కనపడలేదు. మైక్రోస్కోపు కింద కనపడేవే నాకు కనపడేవి.

తర్వాతి దశ, నయమైన ఆడఎలుకలకు నిజంగా చూలు నిలుస్తుందా అని చూడటం. అందుకు మగవాటితో కలిపి ఉంచాలి. గది చివర మగ ఎలుకల పంజరాలు రెండు వరసలుగా ఉండేవి. నేను ఒక వరసలోంచే తీస్తున్నాను.

"అవతలి వరసవి ఎందుకొద్దండీ? అవీ బాగానే ఉన్నాయిగా, బలంగా."

నేను పుస్తకంలో రాసుకుంటున్నాను. తలెత్తకుండా చెప్పాను. "ఇవి పరీక్ష అయినవి. ఇంతకుముందు వీటివల్ల పిల్లలు పుట్టినట్టు రుజువైనవి. అవి ఇంకా చూడనివి. చూడని మగదాన్ని పెట్టామనుకో, రేపు చూలు కట్టకపోతే లోపం ఆడదాంట్లో ఉందో మగదాంట్లో ఉందో ఎట్లా తెలుస్తుంది? ముందు మగదాన్ని పరీక్షించడమనేది మొట్టమొదటి నియమం. అది లేకుండా ఆడదాన్ని తప్పుపడితే ప్రయోగమే చెల్లదు."

తరగతిలో చెప్పినట్టు చెప్పాను. చక్కగా, స్పష్టంగా. చెప్పి రాసుకుంటూనే ఉన్నాను. కుళాయి చప్పుడు ఎంతకీ ఆగకపోతే తలెత్తాను. తను కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటోంది. కడిగినవే కడుగుతోంది.

"ఎలకలకున్న పద్ధతి మనింట్లో లేకపాయె" అంది.

అంతే. కోపం లేదు, ఏడుపు లేదు. కుళాయి కట్టేసి, చెంగుతో చేతులు తుడుచుకుని వెళ్లి స్కూటరు దగ్గర నిలబడింది. నేను ఆ గదిలో, చూడని మగ ఎలుకల వరస పక్కన ఉన్నాను. నాకు సరైన చోటే.

అయినా మరుసటి రోజే గుంటూరు వెళ్లానని అనుకోకండి. అంత మంచివాణ్నయితే ఇది రాయాల్సిన అవసరం ఉండేది కాదు. ఈ మధ్యలో ఇంకొకటి జరిగింది.

తల మీద పసుపున్న ఎలుకకు చూలు నిలిచింది. ఆ కబురు ఇంట్లో చెప్పాను. తర్వాతి ఆదివారం నా భార్య ఒక చిన్న స్టీలు డబ్బాతో వచ్చింది. మూత తీస్తే చలిమిడి. తడిపిండీ బెల్లంపాకం నెయ్యీ కలిపి ముద్ద చేసింది. మా వైపు కడుపుతో ఉన్న ఆడపిల్లకు పుట్టింటివాళ్లు కడుపు చలవ కోసం చలిమిడి పెడతారు. తన నలుగురు ఆడబిడ్డల కాన్పులకీ, తోడికోడలి కాన్పుకీ ఆ పిండి దంచింది తనే. పెట్టే వేళకు వంటింట్లో ఏదో పని ఉండేది తనకు.

"ఒక్క గోరంత" అంది.

"వద్దు. మేతలో తేడా వస్తే ప్రయోగం చెడిపోతుంది."

"అయితే ఈనాక పెడతాలే."

అప్పుడు చెప్పక తప్పలేదు. అది ఈనదు. ఈనేదాకా ఉంచం. రోజులు నిండకముందే దాన్ని చంపి, కోసి, లోపల ఎన్ని పిండాలు నిలిచాయో లెక్కపెట్టాలి. లెక్క ఉంటేనే కషాయం పనిచేసిందని రుజువు.

తను డబ్బా మూత పెట్టింది. మళ్లీ తీసింది. నా బల్ల మీద పెట్టింది. "మీరు తినండి. మీ కడుపన్నా చల్లగా ఉండాలిగా." ఆ తర్వాత తను ఎప్పుడూ ఆ గదికి రాలేదు.

నేను నా పని చేశాను. లెక్కపెట్టాను, థీసిస్‌లో రాశాను. ఆ అంకె ఇక్కడ రాయబుద్ధి కావడం లేదు. మంచి అంకె. సాయంత్రం గది తలుపు వేసుకుని చలిమిడి మొత్తం తినేశాను. మర్నాడు గుంటూరు బస్సెక్కాను.

ల్యాబులో కౌంటరు వెనక ఉన్నవాడు నన్ను చూసి దిగ్గున లేచాడు. "నమస్తే సార్! మీరా సార్! నేను సార్, మీ స్టూడెంట్ని సార్!" గదిలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. నాకు ఏ పరీక్ష కావాలో చీటీలో చూసి వాడి ముఖం మందారమైంది. నాదీ. వాడు చిన్న డబ్బా ఒకటి నా చేతిలో పెట్టి, నేను వాడికి ప్రాక్టికల్స్‌లో చెప్పిన స్వరంతోనే, "తొందరేం లేదు సార్, కంగారు పడకుండా చేయండి సార్" అన్నాడు. గురువుకు తగ్గ శిష్యుడు.

డాక్టరమ్మ కాగితం చూసింది. కణాలు తక్కువ. ఉన్నవాటిలోనూ చురుకైనవి తక్కువ. ఉండీ కదలనివే ఎక్కువ, వంశం పోలిక.

"ఇద్దరిలోనూ కొంచెం కొంచెం ఉందండీ" అంది. "ఒక్కరిలోనే అయితే రెండోవారి బలం మీద గట్టెక్కేవారు. అప్పుడే వచ్చుంటే మీకు మందులు మొదలుపెట్టేవాళ్లం. ఆవిడకు ఐదేళ్లు తక్కువ వయసుండేది."

ఇంటికొచ్చి చెప్పాను. తను బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆగింది. "నా ఒక్కదాందే కాదన్నమాట" అంది. ఆ ముఖంలో కనపడింది సంతోషం కాదు. తలమీద బరువు దించుకున్న మనిషికి కాసేపు మెడ ఎలా ఉంచాలో తెలియదు చూడండి, అలా ఉంది.

ఆ తర్వాత నేనూ మాత్రలు మింగాను. తెల్లవారకముందే లేచి తనతోపాటు నడిచాను. రెండేళ్ల వైద్యంలో ఒక్కసారి నెల తప్పింది. జబ్బువల్ల తప్పలేదు, కడుపు నిలిచింది అంది డాక్టరమ్మ. నిలిచింది. నిలవలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన చాలా రోజులకు, ఒక సాయంత్రం, "ఇక చాలండీ" అంది. "ఎలకల్ని కూడా ఒక్కసారే కదా కోస్తారు."

చాలు అన్నాను.

ఇదంతా మేమిద్దరమే. ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. నా పరీక్ష సంగతి అసలే చెప్పలేదు. తను చెప్పమని అడగలేదు. పెద్దమ్మ దృష్టిలో లోపం ఇంకా ఒక్కచోటే ఉంది, నా భార్యలోనే. పీహెచ్‌డీ వైవాలో, బయటినుంచి వచ్చిన పరీక్షకుడు నన్ను అడిగాడు. "ఈ ఎలుక నమూనాకు, మనుషుల జబ్బుకు ముఖ్యమైన తేడా ఏమిటి?" చక్రం నిడివి, హార్మోన్ల తేడా అంటూ పుస్తకంలో ఉన్నది చెప్పాను. నోటిదాకా వచ్చిన జవాబు వేరే ఉంది. ఎలుకకు పెద్దమ్మ ఉండదండీ. దాని మెడ ఎవరూ సున్నిపిండితో రుద్దరు. దాని చేతిలోంచి ఎవరూ చేట లాక్కోరు. దాని మొగుడు గింజల ప్యాకెట్టు చదువుతూ నిలబడడు. ఆ జవాబు చెప్పి ఉంటే పట్టా వచ్చేది కాదు. అందుకని మింగాను. కానీ అది లోపల అరగలేదు.

ఆ ఏడు వానలు పడగానే నారు పోయడానికి కబురొచ్చింది. నా భార్యను రమ్మన్నాను. "నేనెందుకండీ?" అంది. "ఊరికే. గట్టు మీద కూర్చుందువుగాని" అన్నాను. నాకూ ఇంకేం తెలియదు అప్పటికి.

మడులు సిద్ధంగా ఉన్నాయి. కూలీ ఆడవాళ్లు వచ్చారు. చిన్నకోడలు మాత్రం రాలేదు. బయట ఉంది, నెలసరి రోజుల్లో గింజ ముట్టకూడదు. పెద్దమ్మ చేట నడుం మీద పెట్టుకుని చుట్టూ చూసింది. ఆవిడ చూపు గట్టు మీద కూర్చున్న నా భార్య మీదుగా, ఆగకుండా, నా మీదికొచ్చింది.

"రారా అబ్బాయ్. కోడలు లేకపోతే పెద్దకొడుకే గదా. నాలుగు గుప్పిళ్లు చల్లి పో."

దగ్గరికెళ్లాను. చెయ్యి చేటలో పెట్టాను. చల్లని ఇసుక, మధ్యలో గరుగ్గా గింజలు. చెయ్యి మళ్లీ బయటికి తీసి దులుపుకున్నాను.

"నా చెయ్యి పనికిరాదు పెద్దమ్మా."

"ఏంటికి? దెబ్బ తగిలిందా?"

"కడుపు పండని చెయ్యి గింజ ముట్టకూడదన్నావుగా. నేను గుంటూర్లో పరీక్ష చేయించుకున్నా. లోపం నాలో కూడా ఉంది. తన లోపానికి తను రోజూ మందు మింగింది. నేను నాది ఐదేళ్లు చూపించుకోకుండా దాచుకున్నా. ఇద్దరిలో ఎవరి చెయ్యి చెడ్డదో నువ్వే చెప్పు."

మడి గట్లు సరిచేసే చేతులు ఆగిపోయాయి. ఈసారి తలలు వంగలేదు.

"ఒరేయ్!" పెద్దమ్మ గొంతు తగ్గించింది, అంటే పక్క పొలందాకా వినపడింది. "నలుగుర్లో మగోడు అనే మాటలేనంట్రా ఇయ్యి? సిగ్గులేదూ?"

"తను ఇన్నేళ్లూ నలుగుర్లోనే వింది పెద్దమ్మా."

ఆవిడ నా ముఖంలోకి చూసింది. ఆ చూపులో నాకు ముద్ద కలిపిన మనిషే ఉంది. ఆవిడకు దెబ్బ తగిలింది. తగలాలనే అన్నాను, తగిలాక బాధేసింది. నాన్న బోరింగు వైపు ఒక అడుగేసి, ఆగి, వెనక్కి వచ్చాడు. గట్టు దగ్గరికెళ్లి నా భార్యతో, "లేమ్మా. పొద్దెక్కుతోంది" అన్నాడు.

తను లేచింది. కొంగు దోపుకోవడానికి కాసేపు పట్టింది.

"చేట నువ్వు పట్టుకో పెద్దమ్మా" అన్నాను. "అలవాటైన దానివి."

నా భార్య మొదటి గుప్పెడు తీసి చల్లింది. ఎక్కడా ముద్దపడకుండా, మణికట్టు తిప్పుతూ, వెనకటిలాగే. ఆ ఏడు నారు బాగా మొలిచిందని రాస్తే కథలా ఉంటుంది. సగం వచ్చింది, సగం కుళ్లింది. వాన ఎక్కువైంది. దానికి ఎవరి చెయ్యీ కారణం కాదు.

మొదటి మడి అయింది. ఆనవాయితీ ప్రకారం తను పక్కకి రావాలి. రాలేదు. వెనక్కి తిరగకుండానే చెయ్యి చేట వైపు చాపింది. పెద్దమ్మ ఒక్క క్షణం నిలబడి, చేట ముందుకు జరిపింది. రెండో మడి. మూడో మడి. తను నిదానంగా, తొందరలేకుండా చల్లుతోంది. వెనకాలే ఇసుక బరువు మోసుకుంటూ, నొప్పి మోకాళ్లతో పెద్దమ్మ. కూలీ ఆడవాళ్లు ఎవరూ చేట అందుకోవడానికి రాలేదు. మడులు ఇంకా చాలా ఉన్నాయి.

సగం దాటాక పెద్దమ్మ నావైపు తిరిగింది. "ఒరేయ్ అబ్బాయ్, నా మోకాళ్లురా. ఆ పిల్లకి నువ్వన్నా చెప్పు, చాల్లెమ్మని."

నేను గింజల ప్యాకెట్టు తీసి, మొలక శాతం ఎంతని రాశారో చదువుతూ నిలబడ్డాను.